‘ఎక్కు’ అంటే పైకి వెళ్ళడమేనా? బస్సు, దీపం, సెలైన్, పొద్దు: పిల్లలకి ఎలా చెప్పాలి?

ఇందిరానగర్ తరగతి అడిగారు:

బెంగళూరులో ఆదివారం తెలుగు తరగతికి పాఠం రాస్తున్నాం. పిల్లలు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ లోపువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఈ వారం ఒక్క క్రియే తీసుకున్నాం: ‘ఎక్కు’. ‘కింది నుంచి పైకి వెళ్ళు’ అని అర్థం రాసి మొదలుపెడితే మూడో వాక్యానికే అది నిలవలేదు. పెద్దలెవరైనా వీటికి సమాధానం చెప్పాలి.

బస్సు ఎక్కాను, బస్సులో ఎక్కాను, బస్సు మీదికి ఎక్కాను. వీటిలో ఏది సరైనది? ‘పైకి ఎక్కు’ అంటే చెప్పిందే మళ్ళీ చెప్పినట్టా? సెలైన్ సీసాలోంచి కిందికే కదా దిగేది, మరి ‘ఎక్కించారు’ అని ఎందుకంటాం? దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. దాన్ని ఈ పాఠంలో పెట్టవచ్చా, పెడితే ఎలా వివరించాలి?

పిల్లలు రాసిన కొన్ని వాక్యాలు కూడా ఇస్తున్నాను, దిద్దిపెట్టండి: ‘సూర్యుడు ఎక్కాడు’, ‘విమానం ఎక్కి ఆకాశంలోకి పోయింది’, ‘నేను చెట్టు ఏరాను’, ‘నాన్న పైకి పోయాడు’ (మేడ మీదికి వెళ్ళాడని ఆ పిల్లవాడి ఉద్దేశం).

—

పలకాబలపం జవాబు:

మీ నిర్వచనాన్ని పక్కన పెట్టి ఒక దృశ్యం తీసుకోండి. పిల్లలందరికీ తెలిసిందే. బెంగళూరు మెజెస్టిక్‌ స్టేషన్‌లో మెట్రో ప్లాట్‌ఫాంలు భూమి అడుగున ఉన్నాయి. మెట్లు దిగుతాం, ఇంకా దిగుతాం, ఆ తర్వాత మెట్రో ‘ఎక్కుతాం’. ప్లాట్‌ఫాం, బండి నేల ఒకే మట్టంలో ఉంటాయి. కాలు బెత్తెడు కూడా పైకి లేవదు. అయినా ‘ఎక్కు’ తప్ప ఇంకో మాట రాదు. ఆరో అంతస్తులో ‘లిఫ్ట్ ఎక్కి కిందికి దిగాడు’ అన్నా తెలుగు చెవికి ఇబ్బంది లేదు.

అందుకని ఎక్కడంలో అసలు సంగతి ఎత్తు కాదని నేను చెబుతాను. ఉన్న నేల వదిలి, మన బరువు మోసే ఇంకో ఆధారం మీదికి చేరడం. చెట్టు, మెట్టు, కొండ, గుర్రం, బల్ల, బస్సు అన్నీ మనల్ని మోస్తాయి. సాధారణంగా ఆ ఆధారం మనకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ‘పైకి’ అనే అర్థం వెంట వస్తుంది. అది రానిచోట కూడా ‘మోసే ఆధారం’ మిగిలే ఉంటుంది.

ఇది పట్టుకుంటే విభక్తులు వాటంతటవే తేలతాయి.

ఏమీ చేర్చకుండా: బస్సు ఎక్కు, చెట్టు ఎక్కు, మెట్లు ఎక్కు, మంచం ఎక్కు. ఇదే అసలు వాడుక. పిల్లలకి మొదట ఇదే అలవాటు చేయండి. ప్రాణం లేనివాటికి ‘ను’ చేర్చి ‘బస్సును ఎక్కాను’ అంటే అనువాదంలా వినిపిస్తుంది. ప్రాణం ఉన్నవాటికి రెండూ చెల్లుతాయి: గుర్రం ఎక్కాడు, గుర్రాన్ని ఎక్కాడు. పదవుల దగ్గర ‘గద్దెనెక్కాడు’ అని ‘ను’ నిలిచిపోయింది.

‘మీదికి’ చేర్చితే చూపు చివరి చోటు మీద పడుతుంది. గోడ ఎక్కాడు, గోడ మీదికి ఎక్కాడు దాదాపు ఒకటే. బస్సు దగ్గర మాత్రం కాదు. ‘బస్సు మీదికి ఎక్కాడు’ అంటే టాపు మీద కూర్చున్నాడని. ఇది పిల్లలకి తప్పక చెప్పాలి.

‘లో’, ‘లోకి’: బస్సులో ఎక్కాను అని రోజూ అంటాం, తప్పు దిద్దక్కర్లేదు. తలుపు దాటి లోపలికి చేరడం ముఖ్యమైనప్పుడు ‘లోకి’ బాగుంటుంది: కదులుతున్న రైల్లోకి ఎక్కకండి.

‘కి’, ‘కు’ చేర్చితే చాలాసార్లు మామూలు ఎక్కడం పోయి జాతీయం (విడి మాటల అర్థం కాక వేరే అర్థం ఇచ్చే పలుకుబడి) అవుతుంది: తలకెక్కు, చెవికెక్కు, కోర్టుకెక్కు, రచ్చకెక్కు, చరిత్రకెక్కు. ‘బస్సుకి ఎక్కాను’ అని పిల్లలు రాస్తే అది మాత్రం దిద్దండి. ‘ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా’ అన్న సామెతలో ‘కి’ మామూలు గమ్యాన్నే చెబుతోంది కదా అంటారేమో, నిజమే. గమ్యం అందనంత దూరంలో ఉన్నప్పుడు పాత వాడుకలో అది ఉంది. సామెతను సామెతగా నేర్పండి, దాన్ని నమూనాగా పెట్టుకుని కొత్త వాక్యాలు కట్టించకండి.

‘పైకి ఎక్కు’ పునరుక్తి కాదు. ఉత్త ‘ఎక్కు’ అంటే బండి ఎక్కమన్నారో, నిచ్చెన ఎక్కమన్నారో సందర్భాన్ని బట్టే తెలియాలి. ‘పైకెక్కి చూడు’ అంటే ఆ అనుమానం ఉండదు. కానీ ‘కిందికి ఎక్కు’ అనలేం కదా. అంటే ‘పైకి’ ఆ మాట లోపల ఎంతో కొంత ఉన్నట్టే.

ఇక సెలైన్. ఇక్కడ చూడాల్సింది సీసాని కాదు, ఒంటిని. ‘ఎక్కు’కి ఇంకో పెద్ద అర్థం ఉంది: ఒకదానిలోకి చేరి, అందులో మట్టం పెరుగుతూ పోవడం. రక్తం ఎక్కించారు, సెలైన్ ఎక్కించారు, ఫోనుకి ఛార్జింగ్ ఎక్కడం లేదు, బట్టకి రంగు బాగా ఎక్కింది, మత్తెక్కింది, వేడెక్కింది. పాము కరిస్తే విషం ఎక్కుతుంది. అపార్ట్‌మెంట్లలో రోజూ వినే ‘మోటరు వేసినా ట్యాంకులోకి నీళ్ళు ఎక్కడం లేదు’లో రెండర్థాలూ కలిసి ఉన్నాయి: నీళ్ళు మేడ మీదికి పోవాలి, ట్యాంకులో మట్టమూ పెరగాలి. పిల్లలకి మొదటి అర్థం నుంచి రెండో అర్థంలోకి వంతెన వేయడానికి ఈ వాక్యం కంటే మంచిది నాకు తెలియదు.

‘ఎక్కువ’ అన్న మాట పుట్టింది కూడా ఈ ‘ఎక్కు’ లోంచే. మట్టం ఎక్కితే ఎక్కువ. ఇది చెబితే పిల్లల మొహాలు వెలుగుతాయి.

—

రెండు నుడుల వాకిలి జవాబు:

పలకాబలపం గారి మాటకి కొంత చేర్పు, ముఖ్యంగా కన్నడం వైపు నుంచి. బెంగళూరు పిల్లల తప్పుల్లో సగం ‘ఎక్కు’ తెలియక వచ్చేవి కావు. పక్క భాషలో అచ్చం తెలుగులా వినిపించే మాట ఉండి, దాని అర్థం వేరు కావడంతో వచ్చేవి.

‘చెట్టు ఏరాను’ అలాంటిదే. కన్నడంలో ‘ఏరు’ అంటే ఎక్కు, పెరుగు. తమిళంలోనూ బస్సు ఎక్కడానికి ‘ఏరు’ అనే అంటారు. తెలుగులో ‘ఏరు’ నామవాచకమైతే నది, క్రియైతే బియ్యంలో రాళ్ళు ఏరడం, చేలో పత్తి ఏరడం. పిల్లవాడు ‘చెట్టు ఏరాను’ అంటే ‘ఏరి ఎక్కడ పోశావు’ అని తెలుగు పెద్దలు నవ్వుతారు. నవ్వకుండా, బోర్డు మీద రెండు గళ్ళు గీసి చూపించండి: కన్నడ ‘ఏరు’ ఎదురుగా తెలుగు ‘ఎక్కు’, తెలుగు ‘ఏరు’ ఎదురుగా కన్నడ ‘ఆరిసు’. వాడు తప్పు మాట అనలేదు, మాట భాష మారింది అంతే. ఆ మర్యాద ఇస్తే మళ్ళీ ఆ తప్పు చేయడు.

రెండోది ‘హత్తు’. బెంగళూరులో బస్సెక్కమని చెప్పేటప్పుడు వినేది ఇదే. కన్నడంలో అదే మాటకి ఎక్కడం, అంటుకోవడం, పది అనే సంఖ్య అన్నీ అర్థాలే. తెలుగులో మనకి ‘హత్తుకోవడం’ ఉంది, అంటే గుండెకి అదుముకోవడం. ‘అమ్మ బస్సు హత్తుకుంది’ అని ఎవరైనా రాస్తే ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమవుతుంది.

మూడోది ‘ఎత్తు’. రెండు భాషల్లోనూ పైకి లేపడమే. కాబట్టి పిల్లలు ఇక్కడ తప్పు చేయరు. కన్నడంలో ‘ఎత్తు’కి ఎద్దు అనే అర్థం కూడా ఉంది. తెలుగులో ఆ అర్థం లేదు, బదులు పన్నాగం, చదరంగంలో వేసే ఎత్తు ఉన్నాయి. ‘ఎక్కు’, ‘ఎత్తు’ తేడా ఒక్క మాటలో తేల్చవచ్చు: ఎక్కేవాడు తానే కదులుతాడు, ఎత్తేవాడు ఇంకోదాన్ని కదుపుతాడు. తాను కదలకుండా ఇంకొకరిని ఎక్కేలా చేస్తే ‘ఎక్కించు’. తాతని చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించారు, పాపని ఎత్తుకుని బస్సు ఎక్కారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే పాఠం అయిపోతుంది.

ధరల గురించి కూడా. కన్నడ పత్రికల్లో ‘బెలె ఏరికె’ (ధరల పెరుగుదల) చూసే పిల్లలు తెలుగులో ‘ధర ఎక్కింది’ అంటారు. మనకి ధర పెరిగింది, లేదా హెచ్చింది. మరీ అందనంత పెరిగితే కొండెక్కింది. ‘హెచ్చు’ మనకి కన్నడం వైపు నుంచి వచ్చిన రూపం. మన ‘పాలు’ అక్కడ ‘హాలు’, మన ‘పులి’ అక్కడ ‘హులి’ అయినట్టే, మన ‘పెచ్చు’ (పెచ్చుమీరడంలో ఉన్నది) అక్కడ ‘హెచ్చు’. రెండు భాషలకీ ఉమ్మడి అయిన మాట అక్కడ వేషం మార్చుకుని వచ్చి మన ‘హెచ్చుతగ్గులు’లో కూర్చుంది.

ఇంకో విన్నపం. మీ తరగతిలో కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు కుటుంబాలు ఉండే ఉంటాయి. వాళ్ళ పిల్లలు ‘బస్సెక్కినా’ అంటే ‘నేను బస్సు ఎక్కాను’ అని అర్థం. కోస్తా అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని ‘ఎక్కినప్పటికీ’ అని అర్థం చేసుకుని వాక్యం ఇంకా పూర్తి కాలేదనుకుంటారు. రాతలో ‘ఎక్కాను’ నేర్పండి, సరే. నోటి మాటలో ‘ఎక్కినా’ని తప్పని కొట్టేయకండి. అది ఆ సీమ తెలుగు.

—

ఇందిరానగర్ తరగతి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెజెస్టిక్ ఉదాహరణ అలాగే వాడుకుంటాం. సూర్యుడు, విమానం, దీపం మిగిలాయి. ఇంకొకటి: ఏది మామూలు ఎక్కడం, ఏది జాతీయం అని పిల్లలే కనిపెట్టుకునే సులువైన గుర్తు ఏదైనా ఉందా? ‘దిగు’తో పరీక్షిస్తే?

—

పలకాబలపం జవాబు:

దిగు పరీక్ష పనికొస్తుంది, కానీ హద్దులు తెలిసి వాడాలి.

బస్సు ఎక్కు, బస్సు దిగు. చెట్టెక్కు, చెట్టు దిగు. గద్దెనెక్కు, గద్దె దిగు. విషం, మత్తు, నిషా కూడా ఎక్కుతాయి, దిగుతాయి. ఇంతవరకు జతలు కుదిరాయి.

ఇప్పుడు వేడెక్కినది దిగదు, చల్లారుతుంది. లావెక్కినవాడు దిగడు, సన్నబడతాడు, చిక్కుతాడు. ఎరుపెక్కిన ముఖం పాలిపోతుంది. కోర్టుకెక్కినవాళ్ళు కోర్టు దిగరు, రాజీ పడతారు. చరిత్రకెక్కినవాళ్ళు ఎక్కినట్టే. దిగే దారి లేకపోతే అది జాతీయమో, గుణం పెరగడమో అయి ఉంటుంది. గుర్తు ఇంతే.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, ‘దిగు’కి సొంత సంసారం ఉంది. మేకు గోడలోకి దిగింది, ముల్లు కాల్లో దిగింది, ఫొటో దిగాం, హోటల్లో దిగారు, రంగంలోకి దిగారు. వీటికి ‘ఎక్కు’ జత లేదు. కాబట్టి పరీక్ష ‘ఎక్కు’ నుంచి ‘దిగు’ వైపే నడపండి, తిరగేసి నడపకండి. ఇంకో చిక్కు: ‘కొండెక్కిన ధరలు దిగివచ్చాయి’ అంటాం. అక్కడ జాతీయానికి కూడా ‘దిగు’ దొరికింది. పిల్లవాడు ఇది పట్టుకుని అడిగితే మెచ్చుకోండి, వాడికి పరీక్ష నిజంగా అర్థమైనట్టు.

సూర్యుడి సంగతి. ‘సూర్యుడు ఎక్కాడు’ రాసిన పిల్ల ఒక మెట్టు దూరంలో ఉంది. తెల్లవారుజామున జరిగేది పొద్దు పొడవడం. బాగా ఎండ వచ్చాక, లేవాల్సిన వేళ దాటాక ‘పొద్దెక్కింది’ అంటాం. అంటే ఇక్కడ ‘ఎక్కు’ పుట్టుకని చెప్పదు, మట్టం పెరగడాన్ని చెబుతుంది, పైన సెలైన్ దగ్గర చూసిన అర్థమే. ‘పొద్దెక్కినా ఇంకా లేవలేదా’ అని అమ్మ అంటుంది. ‘పొద్దు పొడిచినా’ అంటే అమ్మకి కాస్త ఓపిక ఉన్నట్టు. సాయంత్రం పొద్దు వాలుతుంది, గుంకుతుంది. రాత్రి ఆలస్యమైతే ‘పొద్దుపోయింది’. ఈ ఐదూ గడియారం బొమ్మ పక్కన రాయిస్తే మరిచిపోరు. సూర్యుడు అనే మాటతో రాయాలంటే ‘ఉదయించాడు’ అనే రాయాలి.

విమానం తానే లేస్తుంది, గాల్లోకి ఎగురుతుంది. దాన్ని ఎక్కేది మనం. ‘లేచు’కి ఇంకో ఆధారం అక్కర్లేదు. కుర్చీలోంచి లేచాడు, దుమ్ము లేచింది, విమానం లేచింది. ఆధారం పట్టుకుని చేరేది ఎక్కడం, ఆధారం విడిచేది లేవడం. చేతులు కాళ్ళు ఆనించి అతుక్కుంటూ పోతే పాకడం, బల్లి గోడ మీద పాకినట్టు, చిక్కుడు తీగ పందిరికి పాకినట్టు. ఆ పాకడమే పట్టుదలతో ఎత్తుకి పోతే ఎగబాకడం. ఆటల వార్తల్లో జట్లు పట్టికలో ఎగబాకేది అందుకే.

‘ఎగ’, ‘ఎగు’ల గుంపు కూడా ఒక్క పది నిమిషాలు చూపించండి: ఎగువ–దిగువ, ఎగుమతి–దిగుమతి, ఎగుడుదిగుడు. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం ఉన్న ఊరు గుర్తుచేస్తే ‘ఎగువ’ అంటే నదికి సంబంధించిన మాటే కాదని తెలుస్తుంది. ‘పన్ను ఎగవేత’ మాత్రం ఈ పాఠంలోకి తేకండి, దారి తప్పుతుంది.

‘నాన్న పైకి పోయాడు’ని మిగతా అన్నిటికంటే ముందు దిద్దండి. తెలుగులో దానికి చనిపోయాడనే అర్థం ఉంది. ‘మేడ మీదికి వెళ్ళాడు’, ‘పై అంతస్తుకి వెళ్ళాడు’ అని చెప్పించండి. ‘పైకొచ్చాడు’ అంటే బతుకులో బాగుపడ్డాడని. పోవడానికి, రావడానికి మధ్య ఎంత దూరముందో చూశారు కదా.

—

గోరింట జవాబు:

దీపం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

దేవుడి ముందు పెట్టిన దీపాన్ని ‘ఆరిపోయింది’ అనరు. ‘కొండెక్కింది’ అంటారు, ‘ఘనమైంది’ అంటారు. అశుభం నోట రాకుండా తిప్పి చెప్పడం. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనడం కూడా అలాంటిదే. లేమిని చెప్పడానికి నిండుదనం చెప్పే మాట. కిందికి పోయే వెలుగుకి పైకి పోయే మాట. పిల్లలకి ఈ రెండూ పక్కపక్కన చెబితే చాలు. కారణం తడుముకోకుండా అందుతుంది.

వాడకంలో మూడు జాగ్రత్తలు. కరెంటు బల్బు కొండెక్కదు, ఆరిపోతుంది, లేదా మాడిపోతుంది. గాలికి అదే ఆరితే కొండెక్కింది, మనమే ఆర్పితే ‘దీపం ఘనం చేశాం’. మూడోది, మనిషి పోయినప్పుడు ‘ప్రాణదీపం కొండెక్కింది’ అని రాస్తారు కాబట్టి, ‘ఆ ఇంటి దీపం కొండెక్కింది’ అని పిల్లలు ఊరికే వాక్యం కట్టకుండా చూడండి. అది చావు కబురు.

రాతలో కలిపి, విడదీసి రాయడంతో అర్థం తేలికపడుతుంది. ‘మేక కొండ ఎక్కింది’ విడిగా రాయండి. ‘ధర కొండెక్కింది’, ‘దీపం కొండెక్కింది’ కలిపి రాయండి. కొండ + ఎక్కు దగ్గర సంధి వచ్చినా రాకపోయినా తప్పులేదు కాబట్టి ఈ సౌకర్యం మనకి దొరికింది. బస్సు + ఎక్కు మాత్రం నోట్లో ఎప్పుడూ బస్సెక్కే. ఉకారం నిలవదు.

—

స్వరజతి జవాబు:

సంస్కృతం వైపు ఒక మాట, చిన్నగానే. మీ పిల్లల్లో సంగీతం నేర్చుకునేవాళ్ళు ఉంటే వాళ్ళకి ‘ఆరోహణ’ ముందే తెలుసు. ‘రుహ్’ ధాతువుకి ‘ఆ’ చేరితే ఆరోహణ, ఎక్కడం. ‘అవ’ చేరితే అవరోహణ, దిగడం. లెక్కల పుస్తకంలో ఆరోహణ క్రమం కూడా ఇదే: 7, 12, 45.

పిల్లలు మొదటి అక్షరం దగ్గరే తప్పు చేస్తారు. ‘అరోహణ’ అని దీర్ఘం వదిలేస్తారు, లేదా ‘ఆవరోహణ’ అని లేని దీర్ఘం పెడతారు. తిరుమల బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో మొదలై ధ్వజావరోహణంతో ముగుస్తాయి. ఆ రెండు మాటల్లో సంధి వల్ల ‘జ’కి రెండుచోట్లా దీర్ఘమే వస్తుంది: ధ్వజ + ఆరోహణం, ధ్వజ + అవరోహణం. అక్కడ విన్న ‘జా’ని బట్టి ‘ఆవరోహణ’ అనేస్తారు. విడదీసి చూపితే సరిపోతుంది.

అవరోహణ అంటే ఆరోహణని తిరగేయడమే అనుకోవడం రెండో పొరపాటు. మోహన రాగంలో అది నిజమే: స రి గ ప ద స, స ద ప గ రి స. ఆరభి రాగంలో కాదు. ఎక్కేటప్పుడు స రి మ ప ద స, దిగేటప్పుడు స ని ద ప మ గ రి స. ఎక్కేటప్పుడు వదిలేసిన గాంధార నిషాదాలు (గ, ని) దిగేటప్పుడు కలుస్తాయి. ఎక్కిన దారీ దిగిన దారీ ఒకటే కానక్కర్లేదని కొండ ఎక్కినవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

మామూలు మాట, గంభీరమైన మాట అనే స్థాయి భేదం కూడా నేర్పండి. మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. అదే వార్తలో రాస్తే ‘అధిరోహించింది’. రెండూ ఒప్పే. కానీ ‘మెట్రో అధిరోహించాను’ అని రాయకూడదు. అధిరోహించడానికి శిఖరమో సింహాసనమో ఉండాలి.

—

పలకాబలపం జవాబు:

పాఠం నడిపే వరుస గురించి ఒక సూచన. నలభై నిమిషాల తరగతి అనుకుంటే జాతీయాలు ఐదుకి మించి పెట్టకండి. తలకెక్కు, కోర్టుకెక్కు, అటకెక్కు, పట్టాలెక్కు, కొండెక్కు చాలు. ఇరవై ఇస్తే ఒక్కటీ తలకెక్కదు. ‘తలకెక్కు’కి మాత్రం రెండు వైపులూ చూపించాలి. చదువు తలకెక్కితే మంచిది, పొగరు తలకెక్కితే చెడ్డది. ఎక్కింది ఏది అన్నదాన్ని బట్టే మెప్పో తిట్టో అవుతుంది.

మొదటి పది నిమిషాలు కుర్చీ, బల్ల, మెట్లతో చేసి చూపించండి. ‘బల్ల ఎక్కు’, ‘బల్ల దిగు’, ‘పుస్తకం ఎత్తు’, ‘లేచి నిలబడు’. క్రియ ఒంటపట్టాక పలక పట్టించండి. ఆ తర్వాత ఒక సూది, దారం తీసుకోండి. దారం సూదిలోకి ఎక్కించమనండి. ఇక్కడ పైకి లేదు, మోసే ఆధారమూ లేదు. దారం కొస బెజ్జంలో దూరి, అవతలికి వచ్చి, సూదిని పట్టుకుని నిలిచింది. సైకిల్ గొలుసు పళ్ళచక్రానికి ఎక్కించడం కూడా ఇదే: పన్నుకీ లింకుకీ జత కుదిరి గొలుసు కూర్చోవాలి. జారిపోతే ఎక్కనట్టే. ‘కుదిరి కూర్చోవడం’ అనే ఈ అర్థం తెలిస్తే, రేషన్ కార్డులో పేరు ఎక్కించడం, పద్దు పుస్తకంలో ఖర్చు ఎక్కించడం వెంటనే అర్థమవుతాయి. పేరు ఆ గడిలో కూర్చుంది.

‘ఎక్కుపెట్టు’ని కూడా ఇక్కడే చెప్పవచ్చు. వింటికి నారి ఒక కొసన ముడి ఉంటుంది. విల్లుని వంచి, నారి రెండో కొస ఉచ్చుని అవతలి కొప్పుకి ఎక్కించాలి. అది గట్టిగా కూర్చున్నాకే విల్లు పనికి సిద్ధం. అందుకే విల్లు ఎక్కుపెట్టడం. ఇవాళ తుపాకులూ విమర్శలూ ఎక్కుపెడుతున్నారు. అక్కడ ఎక్కించే నారి లేదు, గురిపెట్టడం ఒక్కటే మిగిలింది.

అభ్యాసానికి ఖాళీలు పూరించే వాక్యాలు ఇచ్చేటప్పుడు ఒకే జవాబు వచ్చేలా రాయండి. ‘కోతి చెట్టు —’ అంటే ఎక్కింది, దిగింది రెండూ సరిపోతాయి, పిల్లల్ని తప్పుపట్టలేం. ‘కుక్క తరిమితే కోతి చెట్టు —’ అనండి. ‘అలిపిరి నుంచి 3,550 మెట్లు — తిరుమల చేరారు’ అంటే ఇంకో జవాబుకి చోటు లేదు.

చివరగా, చదవడంలో తికమకపడే మాటలు కొన్ని. ‘ఎక్కడ’ అనే ప్రశ్నకి ‘ఎక్కు’తో చుట్టరికం లేదు. అది ఏ + కడ. ‘ఏ’ కురచనై ‘క’ వత్తు పడింది. ‘ఎక్కడం’లో ఉన్నది ఎక్కు + అడం. ‘ఎక్కాలు’ అంటే లెక్కల్లో కంఠస్థం చేసేవి, ‘ఎక్కాలి’ అంటే ఎక్కవలసి ఉంది. బోర్డు మీద ఈ ఒక్క వాక్యం రాసి, ఏ మాట ఏదో గీత గీసి గుర్తించమనండి: ‘ఎక్కాలు అప్పజెప్పాక బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడం ఎలాగో చెబుతాను.’ నాలుగు ‘ఎక్క’లున్నాయి. వాటిలో మన క్రియవి రెండే.